హుగ్లీ మీద కబురు నడిచిన దారి

మన సంఘం వార్షిక సంచికలో యుద్ధాల గురించి, వీర చక్రాలు పొందిన వారి గురించి, రెజిమెంట్ల గురించి మిత్రులు ప్రతి ఏడూ చక్కగా రాస్తున్నారు. నేను సిగ్నల్స్ కోర్‌లో 28 ఏళ్ళు పనిచేసి సుబేదారుగా రిటైరైన వాడిని. అందువల్ల ఈసారి కబురు గురించి రాద్దామనుకున్నాను. యుద్ధరంగంలో కబురు కాదు, ఓడ నడిపేవాడికి అందే కబురు. నేనెక్కడున్నాను, కింద నీళ్ళెంత, ఎదురుగా వస్తున్నదెవరు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు సమయానికి అందితే ఓడ రేవుకు చేరుతుంది, అందకపోతే ఇసుకలో కూరుకుంటుంది.

ఈ రోజుల్లో ఓడలోని పరికరాలన్నిటినీ అరచేతిలో పట్టే ఒక డబ్బా వైఫై ద్వారా సెల్ ఫోనుకు కలిపేస్తోంది. ఫోను తెరిస్తే నది పటం, దాని మీద మన ఓడ బొమ్మ, పక్కన లోతు అంకెలు, వచ్చే పోయే ఓడల పేర్లు కనబడతాయి. చూసినవాళ్ళు ఇదేదో నిన్న మొన్న పుట్టిన వింత అంటున్నారు. కానీ కలకత్తా నది మీద ఈ ప్రయత్నం మూడు వందల ఏళ్ళకు పైగా సాగుతూనే ఉంది. దేశంలో మొదటి తంతి లైను, మొదటి వైర్‌లెస్ స్టేషన్ రెండూ ఈ నది దారిలోనే వచ్చాయి. ఈ సంగతి మన సిగ్నల్స్ వాళ్ళలో కూడా చాలామందికి తెలియదు.

ముందు నది సంగతి చెప్పాలి. కలకత్తా రేవు మన విశాఖపట్నంలాగా సముద్రం ఒడ్డున లేదు. బంగాళాఖాతంలో శాండ్‌హెడ్స్ అనే చోట మొదలుపెట్టి సాగర్ ద్వీపం, డైమండ్ హార్బర్, ఫల్తా దాటుకుంటూ ఖిదిర్‌పూర్ చేరాలంటే 200 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. దారిలో ఇసుక మేటలు. ఆ మేటలు ఒకచోట ఉండవు. వానాకాలం ముందు ఉన్న దారి వానాకాలం తర్వాత ఉండదు. దానికి తోడు ఆటుపోట్లు, పోటు సమయంలో గోడలాగా లేచి వచ్చే బాన్ అనే అల. ఎంత అనుభవం ఉన్న కెప్టెన్ అయినా ఈ నదిలో సొంతంగా ఓడ నడపలేడు. నది తెలిసిన మనిషిని ఎక్కించుకోవలసిందే. ఆ మనిషినే పైలట్ అంటారు. మనకు పైలట్ అంటే విమానం గుర్తొస్తుంది గానీ, ఆ మాట విమానం కంటే చాలా ముందునుంచీ ఓడలది.

ఈస్టిండియా కంపెనీ 1660ల చివరికల్లా కుర్రవాళ్ళకు ఈ నదిని నేర్పించే ఏర్పాటు మొదలుపెట్టింది. అదే పెరిగి బెంగాల్ పైలట్ సర్వీస్ అయింది. 1694లో రాయల్ జేమ్స్ అండ్ మేరీ అనే ఓడ దామోదర్, రూప్‌నారాయణ్ నదులు హుగ్లీలో కలిసే తావున ఇసుక మేట మీద ఎక్కి పోయింది. ఆ మేటకు ఇప్పటికీ జేమ్స్ అండ్ మేరీ అనే పేరు. మునిగిన ఓడ పేరే ప్రమాద సూచిక అయిందన్నమాట.

ఆ రోజుల్లో పైలట్ చేతిలో ఉన్న పరికరం ఏమిటంటే ఒక తాడు, దాని కొసకు సీసపు గుండు. గుండు అడుగున చిన్న గుంట, అందులో కొవ్వు పూసేవాళ్ళు. నీటిలోకి విసిరి తీస్తే తాడు మీది గుర్తును బట్టి లోతు, కొవ్వుకు అంటుకున్నదాన్ని బట్టి కింద ఇసుకో బురదో తెలిసేది. లోతును ఫాథమ్‌లలో చెప్పేవాళ్ళు. రెండు చేతులూ బార్లా చాపితే వచ్చే కొలత అది, మన ‘బార’ లాంటిదే. సర్వీసులో కొత్తగా చేరిన కుర్రవాడి హోదా పేరు కూడా లెడ్స్‌మన్, అంటే సీసపు గుండు వేసేవాడు. వాడు కేకవేసి లోతు చెబుతూ ఉంటే పైలట్ వింటూ చుక్కాని దగ్గర మనిషికి ఆజ్ఞ ఇచ్చేవాడు. కొలిచేవాడు ఒకడు, నడిపేవాడు ఇంకొకడు, మధ్యలో ఒక గొంతు. ఆ గొంతు స్థానంలోకి ఏమేమి వచ్చాయి అన్నదే మిగిలిన కథ అంతా.

ఇక ఖిదిర్‌పూర్. కీడ్ కుటుంబం వాళ్ళ ఓడల కార్ఖానా ఇక్కడ ఉండేది. 1818లో 74 ఫిరంగుల హేస్టింగ్స్ అనే యుద్ధనౌకను కలకత్తాలో వాళ్ళే కట్టారు. 1823లో డయానా అనే ఆవిరి ఓడ ఈ ఖిదిర్‌పూర్ కార్ఖానా నుంచే నీటిలో దిగింది. మరుసటి ఏడు మొదలైన మొదటి బర్మా యుద్ధంలో ఐరావతి నది మీద అది పనిచేసింది. ప్రపంచంలో యుద్ధానికి వాడిన మొట్టమొదటి ఆవిరి నౌకల్లో అదొకటి. సైనికులమైన మనం ఖిదిర్‌పూర్ వెళితే ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి. తర్వాత 1892లో ఖిదిర్‌పూర్ డాకులు తెరిచారు. నదిలో నీళ్ళు ఎక్కి దిగుతుంటాయి గనుక డాకు లోపల నీటిమట్టం నిలబెట్టడానికి లాకు కట్టారు. మన ధవళేశ్వరం కాలువ లాకుల్లాంటిదే గాని చాలా పెద్దది. పెద్ద ఓడలు వచ్చే లాకు వెడల్పు 80 అడుగులు. ఈ 80 అడుగుల మాట గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

నదికి అవతలి ఒడ్డున, గార్డెన్ రీచ్‌కు ఎదురుగా, బొటానికల్ గార్డెన్ ఉంది. దాన్ని 1787లో స్థాపించిన కల్నల్ రాబర్ట్ కీడ్‌ది కూడా ఆ కీడ్ వంశమే. 1839లో విలియం ఓషానెస్సీ అనే డాక్టరు ఆ తోటలో 20 మైళ్ళకు పైగా ఇనుప తీగ కట్టి విద్యుత్తుతో సంకేతాలు పంపి చూశాడు. అందుకునే చోట సూది కదలడమో గంట మోగడమో కాదు, తీగ కొస వేలికి తగిలించుకుని కొట్టే షాకును లెక్కపెట్టే పద్ధతి కూడా ఆయన ప్రయోగించాడు. మన కోర్ వాళ్ళు నవ్వుకోవచ్చు గానీ, ఆ రోజుల్లో అది గొప్ప సాహసం. పదకొండేళ్ళు పోయాక కంపెనీవారికి దాని విలువ తెలిసి, 1850-51లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్‌కు తంతి లైను వేయించారు. మనదేశంలో ప్రభుత్వం వేసిన తొలి తంతి లైను ఇదే. ఎందుకు డైమండ్ హార్బర్‌కే అంటే, ఓడల కబురు కోసం. ఏ ఓడ నదిలోకి వచ్చింది, ఎప్పటికి చేరుతుంది అన్నది వ్యాపారులకూ సర్కారుకూ ప్రాణంతో సమానం. 1852లో రెండో బర్మా యుద్ధం నడుస్తుండగా రంగూన్ పట్టుబడిన వార్త తెచ్చిన ఓడ ఇంకా నదిలో ఉండగానే ఆ వార్త తంతి మీద గవర్నర్ జనరల్ డల్హౌసీకి చేరిపోయింది. ఆ తర్వాత దేశమంతా తంతి వేయడానికి అనుమతి దొరకడంలో ఆశ్చర్యం లేదు.

1864 అక్టోబర్ 5న కలకత్తా మీద పెద్ద తుఫాను వచ్చింది. రేవులో ఉన్న ఓడలు తాళ్ళు తెంచుకుని ఒకదాని మీద ఒకటి పడ్డాయి, వేలాది మంది పోయారు. మరుసటి ఏడే రేవుకు తుఫాను హెచ్చరికల పద్ధతి పెట్టారు.

ఇప్పుడు తీగ లేని కథకు వద్దాం. ఒడ్డున తంతి ఉంది, బాగానే ఉంది. నడిసముద్రంలో శాండ్‌హెడ్స్ దగ్గర పైలట్లను మోసుకుని కాచుకుని ఉండే ఓడకు తంతి ఎలా వేస్తారు? ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పే జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తా టౌన్ హాల్లో, కంటికి కనబడని తరంగాలను గోడల గుండా సుమారు 75 అడుగుల దూరం పంపి గంట మోగించి, తుపాకి మందు పేల్చి చూపించారు. ఆయన వాడినవి మిల్లీమీటర్ల పొడవు ఉండే తరంగాలు. ఈ రోజు వైఫై వాడే తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, అంటే రెండూ మైక్రోవేవ్ జాతివే. ఆనాడు ఓడలకు పనికొచ్చినవి మాత్రం చాలా పొడవైన తరంగాలు. 1902లో సాగర్ ద్వీపానికీ శాండ్‌హెడ్స్‌కూ మధ్య వైర్‌లెస్ టెలిగ్రాఫ్ పెట్టారు. మనదేశంలో అదే మొదటిది. గమనించండి, ఢిల్లీలో కాదు, సరిహద్దులో కాదు. పైలట్ల ఓడ కాచుకుని ఉండే చోట.

వైర్‌లెస్ వచ్చిన పన్నెండేళ్ళకే దాని రెండో ముఖం కూడా ఈ నది ముఖంలోనే కనబడింది. 1914 సెప్టెంబర్‌లో జర్మనీ యుద్ధనౌక ఎండెన్ బంగాళాఖాతంలోకి దూరి, కలకత్తాకు వచ్చే పోయే ఓడల దారిలో మాటువేసి కొద్ది రోజుల్లోనే అరడజను దాకా ఓడలను పట్టుకుంది. తన వైర్‌లెస్ సెట్టు మాత్రం నోరు మెదపకుండా ఉంచి, మిగతావాళ్ళు గాల్లో బాహాటంగా పంపుకునే కబుర్లు వింటూ తిరిగింది. అదే నెల 22న మద్రాసు మీద గుండ్లు కురిపించిన సంగతి మనందరికీ తెలిసిందే. రేడియో సైలెన్స్ గురించి మనకు ట్రైనింగ్‌లో చెప్పే పాఠం అంతా ఎండెన్ కథలో ఉంది. గాల్లోకి వదిలిన కబురు నీ మనిషికే చేరుతుందని ఎక్కడా రాసి లేదు.

1943 డిసెంబర్ 5న జపాన్ విమానాలు పట్టపగలు ఖిదిర్‌పూర్ డాకుల మీద బాంబులు వేశాయి. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది రోజుకూలీ చేసుకునే డాకు పనివాళ్ళు. ఇంతకంటే దాని గురించి ఇక్కడ రాయను, అది వేరే వ్యాసం కావాలి. కానీ 1971 ఘటన ఒకటి మాత్రం రాసి తీరాలి.

ముక్తి బాహిని నౌకా విభాగం కోసం కలకత్తా పోర్టు వాళ్ళ పడవలు రెండింటిని గార్డెన్ రీచ్‌లో మరమ్మతు చేసి, బోఫోర్స్ ఫిరంగులు బిగించి యుద్ధానికి తయారు చేశారు. వాటి పేర్లు పద్మ, పలాశ్. డిసెంబర్ 10న మన నౌకాదళం వారి పాన్వెల్‌తో కలిసి అవి ఖుల్నా వైపు నదిలో వెళుతున్నాయి. మన విమానాలు గుర్తుపట్టాలని వాటి పైభాగాలకు పసుపు రంగు కూడా పూశారు. అయినా పైనుంచి వచ్చిన మన విమానాలు శత్రువు పడవలనుకుని దాడి చేశాయి. రెండూ పోయాయి. పలాశ్ ఇంజను గదిలో పనిచేస్తున్న రుహుల్ అమీన్ ఆ రోజే ప్రాణాలు కోల్పోయారు. బంగ్లాదేశ్ అత్యున్నత పురస్కారం బీర్ శ్రేష్ఠ పొందిన ఏడుగురిలో ఆయన ఒకరు. అటు ధైర్యానికి లోటు లేదు, ఇటు నైపుణ్యానికి లోటు లేదు. ‘నేను ఎవరిని’ అనే మూడు ముక్కలు మాత్రం పడవ నుంచి విమానానికి చేరలేదు. ఫ్రెండ్ ఆర్ ఫో అంటాం కదా మనం, అది.

ఆ ‘నేను ఎవరిని’ అనే కబురును వర్తక ఓడలన్నీ వాటంతటవే చెప్పుకునే ఏర్పాటు ఏఐఎస్. ఓడ పేరు, స్థానం, వేగం, దిశ వీహెచ్ఎఫ్ రేడియో మీద కొద్ది సెకన్లకోసారి ప్రసారం అవుతూ ఉంటాయి. అంతర్జాతీయ సముద్ర సంస్థ దీన్ని 2002 జూలై నుంచి కొత్త ఓడలకు, 2004 చివరికల్లా విదేశీ ప్రయాణం చేసే పాత ఓడలకు కూడా తప్పనిసరి చేసింది. యుద్ధనౌకలకు ఆ నిర్బంధం లేదు, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఏర్పాటులోనే, ఓడ నడిపే గదిలో పైలట్ నిలబడే చోటుకు దగ్గరగా ఒక సాకెట్ ఉండాలన్నారు. దాని పేరు పైలట్ ప్లగ్. కొత్తగా ఎక్కిన పైలట్ తన సొంత కంప్యూటర్‌ను దానికి తగిలిస్తే ఓడ పరికరాలు చెప్పేదంతా అతనికి వినబడుతుంది. మొదట్లో లాప్‌టాప్‌లు, పొడుగు వైర్లు. ఇప్పుడు ఆ సాకెట్‌లో చిన్న వైఫై డబ్బా గుచ్చి, టాబ్లెట్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ చూసుకోవచ్చు. ప్రపంచంలో చాలా రేవుల పైలట్లు ఇలాగే పనిచేస్తున్నారు. మన దగ్గర హల్దియా నుంచి ఫరక్కా దాకా గంగా జలమార్గం మీద 2016లో రివర్ ఇన్ఫర్మేషన్ సిస్టం ప్రారంభించారు. ఒడ్డున ఏఐఎస్ టవర్లు పెట్టి ఓడలను కనిపెట్టుకుని ఉండే పద్ధతి అది.

ఫోనులోనే జీపీఎస్ ఉంది కదా, ఓడ పరికరాలతో పనేమిటి అని నన్ను చాలామంది అడిగారు. ఇక్కడే ఆ 80 అడుగులు కావాలి. 80 అడుగులంటే 24 మీటర్ల పైన కొంచెం. దాంట్లోకి 20 మీటర్ల వెడల్పు ఉన్న ఓడను దూర్చాలంటే ఒక్కో పక్క రెండు మీటర్లే ఖాళీ. ఫోను జీపీఎస్ బాగా పనిచేసినా అయిదు పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. అదీ ఫోను ఉన్న స్థానం, ఓడ ముక్కు ఉన్న స్థానం కాదు. ఇంకో చిక్కు. నదిలో ప్రవాహం పక్కనుంచి తోస్తుంటే ఓడ మొహం ఒకవైపు ఉంటుంది, పోయేది ఇంకోవైపు. జీపీఎస్ చెప్పేది పోయే దిశ. మొహం ఎటు ఉందో చెప్పాలంటే దిక్సూచి కావాలి, చుట్టూ ఇనుమే ఉన్నచోట ఫోనులోని దిక్సూచిని నమ్మడానికి లేదు. ఓడ గైరో దిక్సూచి మాత్రమే ఆ మాట సరిగ్గా చెబుతుంది. లోతు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఫోనుకు నీటి అడుగు కనబడదు. అందుకే కలపడం. లాకులో దూరేటప్పుడు మాత్రం అంకెల కంటే పైలట్ కన్నే పెద్ద పరికరం.

కలపడం ఎలాగో మన భాషలో చెబుతాను. ఓడ పరికరాలు మాట్లాడుకునే భాష ఒకటి 1983లో వచ్చింది, పేరు ఎన్ఎంఈఏ 0183. చాలా తేలికైన భాష. ఒక్కో వాక్యం డాలర్ గుర్తుతో మొదలవుతుంది, ఏఐఎస్ వాక్యమైతే ఆశ్చర్యార్థకంతో. ఎవరు మాట్లాడుతున్నారో, ఏ విషయమో అయిదు అక్షరాల్లో వస్తుంది. ఆ తర్వాత కామాల మధ్య అంకెలు. చివర నక్షత్రం గుర్తు, దాని పక్కన రెండు అక్షరాల లెక్క సరిపోయిందో లేదో చూసుకునే సంఖ్య. మొత్తం 82 అక్షరాలు మించకూడదు. తీగ మీద మాట్లాడేవాడు ఒక్కడే, వినేవాళ్ళు ఎంతమందైనా ఉండవచ్చు. మామూలు పరికరాలు 4800 వేగంతో, ఏఐఎస్ 38400 వేగంతో మాట్లాడతాయి. వేగం తప్పు పెడితే చెత్త అక్షరాలు వస్తాయి. టెలిప్రింటర్ మీద పనిచేసినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు.

ముగ్గురు నలుగురు మాట్లాడేవాళ్ళను వరసలో నిలబెట్టి ఒకే తీగ మీదకు ఎక్కించేది మల్టిప్లెక్సర్. దాన్ని గాల్లోకి వదిలేది వైఫై డబ్బా. చాలావాటిలో రెండూ ఒకదాంట్లోనే ఉంటాయి. డబ్బా సొంతంగా ఒక వైఫై నెట్ తెరుస్తుంది, ఫోను అందులో చేరుతుంది. తర్వాత నావిగేషన్ యాప్‌లో డబ్బా అడ్రసు, పోర్టు నంబరు కొట్టాలి. ఈ పనికి 10110 అనే పోర్టు నంబరు రిజిస్టరై ఉంది. పంపే తీరు రెండు రకాలు. టీసీపీ అంటే రోజర్ అందుకుంటూ పంపడం. యూడీపీ అంటే నెట్‌లో అందరికీ ఒకేసారి వదిలేయడం, విన్నవాడు విన్నాడు, లేనివాడు లేడు. ఒక్క ఫోను అయితే మొదటిది, నాలుగు ఫోన్లు ఉంటే రెండోది సులువు.

నా ఆఖరి పోస్టింగ్ కలకత్తాలో. ఆ పరిచయం వల్ల ఇప్పటికీ ఏడాదికోసారి వెళ్ళి వస్తుంటాను. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళి అక్కడ ఒక ప్రైవేటు లాంచీ మీద సరంగుగా పనిచేసే మనిషి ఒకడున్నాడు, నాకు వరసకు బావమరిది అవుతాడు. క్రిందటి సారి వెళ్ళినప్పుడు యజమాని కొత్తగా ఈ డబ్బా పెట్టించాడు.

“బావా, నువ్వు సిగ్నల్స్ వాడివి కదా, వచ్చి చూడు. ఫోనులో అన్నీ కనబడతన్నాయి గానీ లోతు తప్పు చూపిస్తంది. గెడ వేస్తే రెండున్నర మీటర్లు, ఇది రెండే అంటంది” అన్నాడు.

వెళ్ళి చూశాను. పరికరం తప్పు చెప్పడం లేదు. లోతు కొలిచే ట్రాన్స్‌డ్యూసర్ లాంచీ పొట్ట కింద, నీటి మట్టానికి అర మీటరు దిగువన ఉంది. అది తన కింద ఎంత నీరుందో అంతే చెబుతుంది. గెడ పైనుంచి కొలుస్తుంది. ఆ అర మీటరు తేడా యాప్‌లో కూడా పెట్టవచ్చు, పరికరంలో కూడా పెట్టవచ్చు. రెండు చోట్లా పెడితే రెండుసార్లు కలిసి, లేని నీళ్ళు ఉన్నట్టు చూపిస్తుంది. అది చాలా ప్రమాదం. పరికరంలో సున్నా ఉంచి యాప్‌లో ఒక్కచోటే పెట్టాము.

ఇంకో చిక్కు కూడా చూశాను. డబ్బా వైఫైలో ఇంటర్నెట్ ఉండదు గనుక ఫోను “ఇది పనికిరాని నెట్” అనుకుని కొంతసేపటికి దానంతటదే వదిలేసి మొబైల్ డేటాకు వెళ్ళిపోతుంది. తెర మీద లాంచీ బొమ్మ మాత్రం ఉన్నచోటే నిలబడి ఉంటుంది. చూసేవాడు అంతా బాగానే ఉందనుకుంటాడు. మొబైల్ డేటా ఆపేయడం, పటం ముందే దింపుకోవడం దీనికి మార్గం.

అయినా గెడను మాత్రం లాంచీ కప్పు మీదనుంచి తీయవద్దని చెప్పాను. 2019 సెప్టెంబర్ 15న మన గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి పదులమంది పోయినప్పుడు, సోనార్ పరికరాలతో వెతికారు. అది రెండు వందల అడుగుల పైన లోతు. చివరికి అక్టోబర్ 22న దాన్ని బయటికి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం, లంగర్లతో, తాళ్ళతో. పరికరం వద్దని నేననడం లేదు, నా జన్మంతా పరికరాలతోనే గడిచింది.

నాకు ఎక్కువ దిగులు కలిగించింది వేరే ఉంది. ఆ డబ్బా వైఫైకి పాస్‌వర్డు లేదు. కంపెనీ నుంచి వచ్చినట్టే తెరిచి ఉంది. జెట్టీ మీద నిలబడ్డ ఎవరి ఫోనుకైనా లాంచీ ఎక్కడుందో తెలుస్తుంది. అంతవరకూ ఫరవాలేదు, ఏఐఎస్ ఎలాగూ చెబుతోంది. కానీ కొన్ని డబ్బాలు రెండు వైపులా మాట్లాడతాయి. ఫోను నుంచి ఓడ తీగ మీదకు కూడా వాక్యాలు పంపవచ్చు. ఆటోపైలట్ ఉన్న పడవైతే బయటివాడు పంపిన దిశను కూడా అది నమ్ముతుంది. చివరి రెండు అక్షరాల లెక్క సంఖ్య దారిలో అక్షరం చెడిపోతే పట్టుకుంటుంది అంతే, పంపినవాడు మనవాడా పరాయివాడా అని అడగదు. 1983లో ఆ భాష రాసినవాళ్ళు తీగను దృష్టిలో పెట్టుకున్నారు. తీగ ఓడ లోపల ఉంటుంది, ఓడలో ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే. దాన్నే మనం ఇప్పుడు గాల్లోకి వదిలాం. ఎండెన్ రోజుల్లో వినడం వరకే ఉన్న ప్రమాదం ఇప్పుడు చెప్పడం దాకా వచ్చింది.

ఇది ఊహ కాదు. ఉపగ్రహ సంకేతాలను జామ్ చేయడం, దొంగ సంకేతాలు పంపడం ఇప్పుడు యుద్ధప్రాంతాల్లో రోజూ జరిగే పనే. 2025 మే నెలలో ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర ఎంఎస్‌సీ ఆంటోనియా అనే కంటైనర్ ఓడ మెట్టెక్కింది, జీపీఎస్ జామింగే కారణమని అనుమానించారు. తర్వాతి నెల హోర్ముజ్ జలసంధి దగ్గర రెండు ట్యాంకర్లు గుద్దుకున్న రోజుల్లో ఆ ప్రాంతమంతా ఓడల స్థానాలు తెర మీద తప్పుగా కనబడుతున్నట్టు వార్తలు వచ్చాయి. జీపీఎస్ తప్పు చెబితే ఏఐఎస్ కూడా అదే తప్పు చెబుతుంది, వైఫై డబ్బా అదే తప్పును ఫోనుకు అందిస్తుంది. నాలుగు తెరల మీద ఒకే అబద్ధం కనబడితే నాలుగు సాక్ష్యాలు దొరికినట్టు కాదు. లోతు కొలిచేది మాత్రం ఉపగ్రహంతో సంబంధం లేనిది. పటం మీద ఆరు మీటర్లు ఉండవలసిన చోట పరికరం మూడు చూపిస్తే, ఆటుపోట్ల లెక్క చూసుకున్నా సరిపోకపోతే, అయితే మేట కదిలిందన్నా కావాలి, మనం అనుకున్న చోట లేమన్నా కావాలి. రెండింటిలో ఏదైనా వేగం తగ్గించవలసిందే. పాత పైలట్లు సీసపు గుండుతో చేసినదీ ఇదే.

బావమరిదికి ఇంగ్లీషు యాప్ చదవడం కష్టం. బంగ్లా, హిందీ మాట్లాడతాడు గానీ చదివేది తెలుగే. అందుకని ఒక అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో తెలుగులో రాసి చుక్కాని పక్కన అంటించాను. బయలుదేరే ముందు ఫోనులో మొబైల్ డేటా ఆపు. లాంచీ కదిలాక బొమ్మ కదులుతోందా చూడు. రేవు దగ్గర ఒకసారి గెడ వేసి ఫోను లోతుతో సరిపోల్చు. డబ్బాలో ‘వినడం మాత్రమే’ అన్న సెట్టింగు మార్చనివ్వకు. పాస్‌వర్డు యజమానికి, నీకు, క్లీనరుకు తప్ప ఎవరికీ చెప్పకు. అతను అంతా చదివి, “క్లీనరు నెలకొకడు మారతాడు బావా” అన్నాడు. అయితే నెలకోసారి పాస్‌వర్డు మార్చమని అట్ట అడుగున ఇంకో వాక్యం కలిపాను.